గోడలోని దారులు

ఉద్దేశం

కొత్త ఇళ్ళు కట్టేటప్పుడు, పాత ఇళ్ళను బాగుచేసుకొనేటప్పుడు విద్యుత్ తీగలను, నీటిగొట్టాలను గోడల లోపల దాచి అమర్చడం నేడు సర్వసాధారణమైంది. ఈ ఏర్పాటు ఇంటికి అందాన్నిస్తుంది. కాని ఇందుకు సంబంధించిన నియమాలను పాటించకపోతే అదే ప్రాణాపాయానికి దారితీస్తుంది. ఆ నియమాలను, వాటి వెనుక ఉన్న శాస్త్రీయ కారణాలను, దాచినదానికి గుర్తు మిగల్చవలసిన బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

గోడలకు చెవులుంటాయని పెద్దలంటారు. మాట పొదుపుగా వాడమని దాని భావం. ఈనాటి గోడలకు చెవులతోపాటు నరాలు, రక్తనాళాలు కూడా ఉన్నాయని చెప్పవచ్చు. స్విచ్చి నొక్కగానే దీపం వెలగడానికి, కుళాయి తిప్పగానే నీరు రావడానికి కారణమైన తీగలు, గొట్టాలు ఇటుకల నడుమ, సిమెంటు పూత కింద కంటికి కనబడకుండా సాగిపోతుంటాయి. శరీరంలో నరం ఎక్కడుందో తెలుసుకోకుండా ఏ వైద్యుడూ కత్తి పెట్టడు. గోడలో తీగ ఎక్కడుందో తెలుసుకోకుండా క్యాలెండరు కోసం మేకు కొట్టేవారు మాత్రం ప్రతి వీథిలోను ఉంటారు.

1. కనబడిన కాలం

కొన్ని దశాబ్దాల క్రితం వరకు తెలుగునాట చాలా ఇళ్ళలో పరిస్థితి వేరుగా ఉండేది. పెంకుటిళ్ళలోను, డాబా ఇళ్ళలోను విద్యుత్ తీగలు గోడమీదనే కనబడేవి. సన్నని చెక్క బద్దీని గోడకు బిగించి, దానిపై తీగను పరచి, చిన్న రేకు క్లిప్పులతో పట్టి ఉంచేవారు. దీనికి బ్యాటెన్ వైరింగ్ అని పేరు. మీటరు నుంచి దీపం వరకు తీగ ఏ దారిన పోతున్నదో ఇంట్లోని చిన్నపిల్లలు కూడా చూపగలిగేవారు. నీటి సంగతీ అంతే. బావినీరు తోడి గాబులో నింపుకొనేవారు. కుళాయిలు వచ్చిన తరువాత కూడా ఇనుప గొట్టం పెరటిగోడ వెంట బయటికే కనబడుతూ ఉండేది.

ఆ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. తీగలకు ఎలుకల బెడద ఉండేది. సున్నం వేసినప్పుడల్లా బద్దీలు మాసిపోయేవి. గోడలు చూడముచ్చటగా ఉండేవి కావు. అయినా అందులో ఒక సుగుణం ఉన్నది. తీగ పైపూత చిట్లినా, గొట్టం కారినా ఆ చోటు వెంటనే తెలిసేది. గోడకు మేకు కొట్టేవాడికి ఎక్కడ కొట్టకూడదో ఎవరూ చెప్పనవసరం లేకపోయేది.

2. దాచే విధానం

నేటి పద్ధతిలో పని స్లాబు పోయడానికి ముందే మొదలవుతుంది. పరచిన ఇనుప చువ్వల మధ్య పి.వి.సి. గొట్టాలను అమర్చి, ఫ్యాను వేలాడవలసిన చోట, దీపం రావలసిన చోట పెట్టెలు బిగించి, ఆపైన కాంక్రీటు పోస్తారు. గోడలు లేచిన తరువాత స్విచ్చి బోర్డు వచ్చే చోటు నుంచి పైకప్పు వరకు గోడలో గాడి తీసి గొట్టాన్ని నిలుపుతారు. గాడిని సిమెంటు మాలుతో పూడ్చి పైన పూత పూస్తారు. తీగలు చివరికి వస్తాయి. వంగే గుణం గల ఉక్కుతీగను గొట్టంలోకి పంపి, దాని కొసకు విద్యుత్ తీగలను కట్టి అవతలి చివరనుంచి లాగుతారు.

ఈ గొట్టం తీగకు కవచం మాత్రమే కాదు. ఏళ్ళు గడచి తీగ పాతబడినప్పుడు గోడను పగలగొట్టకుండా పాతదానిని లాగివేసి కొత్తదానిని ఎక్కించడానికి అదే మార్గం. అందువలన గొట్టం మలుపులు సున్నితంగా ఉండాలి. కొందరు గొట్టం ఖర్చు కలిసి వస్తుందని తీగను నేరుగా సిమెంటు పూత కింద పూడుస్తారు. అటువంటి తీగకు రక్షణ ఉండదు. పాడైతే గోడ పగలక తప్పదు.

కొత్త ఇంటికైతే ముందే ఒక పటం ఉంటుంది. అసలు చిక్కు పాత ఇంటిని మార్చేటప్పుడు వస్తుంది. స్నానాలగదికి గీజరు, పడకగదికి ఏ.సి., వంటింటికి మిక్సీ, ఫ్రిజ్, నీటిని శుద్ధిచేసే యంత్రం. వీటిలో చాలావాటికి గోడలో కొత్త గాడి అవసరమవుతుంది. మొదట ఆ ఇంటికి వైరింగ్ చేసినవారు ఎవరో, గొట్టాలను ఏ దారిన నడిపించారో కొత్తగా వచ్చిన పనివారికి తెలియదు. తెలియని దారుల మధ్య కొత్త దారి వేయవలసి వస్తుంది.

3. తిన్నని దారి

ఒక ఉదాహరణను ఊహించవచ్చు. ఇరవై ఏళ్ళనాటి ఇంటిని భార్యాభర్తలు ఇద్దరూ కూడబెట్టిన సొమ్ముతో కొన్నారు. గృహప్రవేశానికి వారం రోజుల గడువు ఉంది. వంటింట్లో గట్టు పక్కన మిక్సీ కోసం కొత్త బోర్డు కావాలి. గోడ పైభాగంలో ఉన్న జంక్షన్ పెట్టె నుంచి అడ్డంగా 2 మీటర్లు, అక్కడినుంచి కిందికి 1.5 మీటర్లు గాడి తీస్తే ఆ చోటు వస్తుంది. “వాలుగా కోసేద్దామా సార్? పైపూ కలిసొస్తుంది, పనీ తొందరగా అయిపోతుంది” అని పనివాడు అడుగుతాడు.

పైథాగరస్ సిద్ధాంతం చదివిన విద్యార్థి లెక్క వేయగలడు. తిన్నగా పోతే 3.5 మీటర్లు, వాలుగా పోతే 2.5 మీటర్లు. మిగిలేది ఒక్క మీటరు గొట్టం, అందులోని తీగలు, ఒక పూటలో కొంత భాగం. పోయేది ఏమిటన్నది ఆ రోజు కనబడదు.

తీగ తిన్నగా ఉన్నప్పుడు దాని ఉనికిని ఊహించవచ్చు. బోర్డు నుంచి నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత మనసులో గీసుకొంటే తీగ ఆ రెండింటిలో ఏదో ఒకదాని వెంట ఉంటుంది. బోర్డు కనబడే గుర్తు. తీగ కనబడని దారి. ఈ రెండింటికీ మధ్య తిన్నని గీత అనే ఒప్పందం ఉన్నంతకాలం గోడను తాకేవారికి భద్రత ఉంటుంది. వాలుగా పోయిన తీగ ఆ ఒప్పందాన్ని తెంచివేస్తుంది. బోర్డుకు ఎంతో దూరంలో, ఎవరూ అనుమానించని చోట అది పొంచి ఉంటుంది.

ఇది ఊహామాత్రమైన భయం కాదు. 2004లో లండన్ నగరంలోని ఒక ఇంట గరిటెలు తగిలించే లోహపు పట్టీని వంటగది గోడకు బిగించారు. బిగించిన మరమేకు గోడలో వాలుగా పోతున్న విద్యుత్ తీగను తాకింది. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. తరువాత ఆ పట్టీని తాకిన ఇల్లాలు విద్యుదాఘాతంతో ప్రాణాలు కోల్పోయింది. మేకు బిగించడంలో తప్పు లేదు. పట్టీ కొనడంలో తప్పు లేదు. ఎప్పుడో ఎవరో మిగుల్చుకున్న కొద్దిపాటి తీగకు ఆ కుటుంబం చెల్లించిన వెల అది.

బ్రిటన్‌లో అమలులో ఉన్న విద్యుత్ ప్రమాణాల ప్రకారం, గోడ ఉపరితలం నుంచి 50 మిల్లీమీటర్లకన్న తక్కువ లోతున దాచిన తీగలు బోర్డుకు నేరుగా నిలువు వరుసలోనో అడ్డపు వరుసలోనో ఉండాలి. లేదా పైకప్పుకు గాని, రెండు గోడలు కలిసే మూలకు గాని 150 మిల్లీమీటర్ల లోపల ఉండాలి. ఈ హద్దులు దాటవలసి వస్తే తీగకు లోహపు కవచం వంటి ప్రత్యేక రక్షణ కల్పించాలి. ఆ 50 మిల్లీమీటర్ల లెక్క తెలుగువారి ఇళ్ళకు కూడా అర్థవంతమైనదే. ఇక్కడి ఇటుకగోడల లోపలి పూత మందం సుమారు 12 మిల్లీమీటర్లు. దాని కింద 20 లేదా 25 మిల్లీమీటర్ల గొట్టం ఉంటుంది. అంగడిలో దొరికే రెండంగుళాల మేకు పొడవు ఇంచుమించు 50 మిల్లీమీటర్లు. అంటే ఒక మామూలు మేకు పూతను దాటి, గొట్టాన్ని చీల్చి, తీగను చేరుకోగలదు. పి.వి.సి. గొట్టం తీగను సిమెంటు రాపిడి నుంచి కాపాడుతుంది గాని సుత్తిదెబ్బ నుంచి కాపాడలేదు.

ఈ సందర్భంలోనే మరొక మాట చెప్పుకోవాలి. పాత బోర్డు అక్కరలేదనుకొన్నప్పుడు దానిని ఊడదీసి, తీగలకు టేపు చుట్టి లోపలికి తోసి, పైన సిమెంటు పూసివేయడం కొందరికి అలవాటు. తీగలో విద్యుత్తు ఉంటుంది. దాని గుర్తు మాత్రం చెరిగిపోతుంది. ఆ తీగను మూలంవద్దనే తొలగించాలి. అది సాధ్యం కాకపోతే బోర్డు ఉన్నచోట ఖాళీ పలకనైనా బిగించి ఉంచాలి.

4. గోడ బలం

గోడకు తన బరువును, తనపై ఉన్న బరువును మోసే పని ఒకటి ఉన్నది. గాడి తీయడమంటే ఆ మోసే శక్తిలో కొంత కోత వేయడమే. బరువు మోసే ఇటుకగోడలలో గాడి ఎంత లోతు ఉండవచ్చునో భారతీయ ప్రమాణాల సంస్థవారి ఐ.ఎస్. 1905 ప్రమాణం పేర్కొన్నది. నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతును మించరాదు. అడ్డపు గాడి లోతు ఆరో వంతును మించరాదు. 230 మిల్లీమీటర్ల తొమ్మిదంగుళాల గోడకు ఇవి వరుసగా సుమారు 76, 38 మిల్లీమీటర్లు అవుతాయి.

అడ్డపు గాడికి ఇంత కట్టడి ఎందుకన్నది సులభంగానే తెలుస్తుంది. గోడలో బరువు పైనుంచి కిందికి దిగుతుంది. నిలువు గాడి ఆ బరువు నడిచే దిశలోనే ఉంటుంది. అడ్డపు గాడి దాని దారికి అడ్డుపడి, గోడ పొడవునా ఇటుక మందాన్ని తగ్గిస్తుంది. అందుకే వీలైనంతవరకు అడ్డపు దూరాన్ని పైకప్పు మీదుగానో నేల మీదుగానో నడిపించి, గోడలో నిలువుగా మాత్రమే దిగడం మేలైన పద్ధతి.

అపార్టుమెంట్లలో బరువును మోసేవి చాలావరకు స్తంభాలు, దూలాలే. గదుల నడుమ ఉండే నాలుగున్నర అంగుళాల గోడ అడ్డుతెర వంటిది. అది భవనాన్ని మోయకపోయినా తన బరువును తాను మోసుకోవాలి. దాని మందం 115 మిల్లీమీటర్లే. అందులో ఆరో వంతు 19 మిల్లీమీటర్లు. సన్నని విద్యుత్ గొట్టం మందమే 20 మిల్లీమీటర్లు. అటువంటి గోడలో పొడవైన అడ్డపు గాడి తీయడం ఎంతమాత్రం తగదని ఈ లెక్కే చెబుతున్నది. గోడకు అటు ఒక బోర్డు, సరిగ్గా దాని వెనుక ఇటు ఒక బోర్డు పెట్టినా ఆ చోట మిగిలేది పలుచని పొర మాత్రమే. స్తంభాలను, దూలాలను కోయడం, వాటిలోని చువ్వలను తెంచడం ఏ పరిస్థితిలోను చేయరాని పని.

గాడి తీసే తీరు కూడా ముఖ్యమే. ముందు పురికొసతో గీత గీసి, యంత్రంతో రెండు వైపులా కోత వేసి, నడుమ ఉన్న భాగాన్ని ఉలితో తొలగిస్తే ఇటుకలు అదరవు. సుత్తితో మోది తీస్తే పక్కనున్న మాలు కూడా వదులవుతుంది. గాడి పూడ్చిన తరువాత దానిపై సన్నని ఇనుప జాలీని పరచి పూత పూస్తే పగుళ్ళు తగ్గుతాయి. కోత సమయంలో లేచే దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. పనివారికి ముఖానికి తొడుగు, కళ్ళకు అద్దాలు సమకూర్చడం ఇంటియజమాని బాధ్యత కూడా.

5. నీరు, విద్యుత్తు

తీగలో తప్పు జరిగితే క్షణంలో తెలియవచ్చు. నీటిగొట్టంలో తప్పు నెమ్మదిగా పనిచేస్తుంది. గోడలోని అతుకు వదులైతే మొదట రంగు పొంగుతుంది. తరువాత పూత పెచ్చులూడుతుంది. ఆ పైన చెమ్మ పొరుగుగది దాకా పాకుతుంది. ఆ చెమ్మ విద్యుత్ పెట్టెను చేరితే రెండు సమస్యలు కలిసి ఒక పెద్ద ప్రమాదం అవుతాయి.

కాబట్టి నీటి దారి, విద్యుత్ దారి వేరువేరుగా ఉండాలి. రెండింటినీ ఒకే గాడిలో పెట్టరాదు. స్విచ్చి బోర్డుకు సరిగ్గా పైభాగాన నీటిగొట్టపు అతుకు రాకుండా చూడాలి. వేడినీటి గొట్టాలకు ఆ వేడిని తట్టుకొనే సి.పి.వి.సి. వంటి రకాన్నే వాడాలి, మామూలు పి.వి.సి. గొట్టం వేడికి మెత్తబడుతుంది. వేడినీటి గొట్టాన్ని ఆనుకొని విద్యుత్ గొట్టాన్ని నడపడమూ తగదు. ఇళ్ళలో వాడే సాధారణ పి.వి.సి. తీగల పైపూత 70 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఉష్ణాన్ని తట్టుకొనేలా తయారవుతుంది. బయటి వేడి పెరిగినకొద్దీ తీగ మోయగల విద్యుత్తు తగ్గుతుంది.

గోడలో దాగే అతుకులు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. గాడిని పూడ్చేముందు కుళాయిల చోట్లను మూసివేసి, గొట్టాలలోకి పంపుతో నీటిని ఒత్తిడితో ఎక్కించి, ఒత్తిడిని చూపే ముల్లు దిగుతున్నదేమో పరిశీలించాలి. ముల్లు దిగితే ఎక్కడో కారుతున్నదని అర్థం. పలకలు అతికించిన తరువాత అదే లోపం బయటపడితే పలకలు పగలాలి, గోడ పగలాలి. గొట్టాల ద్వారా వచ్చే వంటగ్యాసు విషయంలో మరింత మెలకువ అవసరం. ఇళ్ళలో ఆ గొట్టాలను సాధారణంగా గోడపైన కనబడేలాగే అమరుస్తారు. అందం కోసం వాటిపై గోడ కట్టడం, గాలి ఆడని అరలో బంధించడం ప్రమాదకరం.

6. కాపలా ఉండే పరికరాలు

ఎంత జాగ్రత్తపడినా పొరపాటు జరగవచ్చు. జరిగిన పొరపాటు ప్రాణం తీయకుండా ఆపడానికి మూడు రక్షణలు ఉన్నాయి. మొదటిది ఎర్తింగ్. పరికరపు లోహభాగంలోకి విద్యుత్తు చేరితే దానిని భూమిలోకి మళ్ళించే తీగ ఇది. రెండవది ఎం.సి.బి. తీగ మోయగలిగినదానికన్న ఎక్కువ విద్యుత్తు ప్రవహించినప్పుడు ఇది దానంతట అదే తెగిపోతుంది.

ఇంట్లో ఎం.సి.బి. ఉన్నది కదా, ఇక భయం లేదని చాలామంది భావిస్తారు. అది సరికాదు. ఎం.సి.బి. కాపాడేది ప్రధానంగా తీగను. 16 ఆంపియర్ల ఎం.సి.బి. అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణం తీయడానికి అందులో అతి స్వల్పభాగం చాలు. అందుకే మూడవ రక్షణగా ఆర్.సి.సి.బి. అవసరమైంది. ఇది లెక్కలు సరిచూసే గుమస్తా వంటిది. ఒక తీగలో వెళ్ళిన విద్యుత్తు, మరొక తీగలో తిరిగి వచ్చిన విద్యుత్తు సమానంగా ఉన్నాయా అని నిరంతరం పోల్చి చూస్తుంది. తేడా వచ్చిందంటే కొంత విద్యుత్తు గోడలోకో మనిషి శరీరంలోకో పోతున్నదన్నమాట. ఇళ్ళలో వాడే రకం 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే రెప్పపాటులో ప్రవాహాన్ని నిలిపివేస్తుంది. దానిపై ఉండే పరీక్ష మీటను అప్పుడప్పుడు నొక్కి అది పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి.

అయితే ఈ పరికరానికి కూడా పరిమితి ఉన్నది. ఒకే వ్యక్తి ఫేజ్ తీగను, న్యూట్రల్ తీగను మాత్రమే ఒకేసారి తాకితే వెళ్ళినదీ వచ్చినదీ సమానమే కనుక అది గుర్తించలేదు. కాపలావాడు ఉన్నాడని తలుపు తెరిచి పడుకోవడం వివేకం కాదు.

7. మేకు కొట్టేముందు

గోడకు మేకు కొట్టేముందు, డ్రిల్లింగ్ మిషన్ పట్టేముందు ఒక్క నిమిషం ఆ గోడను చదవాలి. బోర్డులు, కుళాయిలు, గీజరు, ఏ.సి. ఎక్కడ ఉన్నాయో చూడాలి. వాటికి సరిగ్గా పైన, సరిగ్గా కింద, రెండు బోర్డులను కలిపే అడ్డపు వరుసలో రంధ్రం చేయరాదు. గోడ వెనుకవైపు గదిని కూడా చూడాలి. అవతలి బోర్డు తీగ ఈ వైపుకు దగ్గరగా ఉండవచ్చు. గోడలోని తీగలను, లోహాలను కనిపెట్టే పరికరాలు అంగళ్ళలో దొరుకుతాయి. అవి సాయపడతాయి గాని, తడిగోడలోను, ఎక్కువ లోతులోను పొరబడవచ్చు. పరికరం మౌనంగా ఉన్నంతమాత్రాన గోడ ఖాళీ అని భావించరాదు. గాడి తీసే పనికి ముందు మెయిన్ స్విచ్చి ఆపి, విద్యుత్తు లేదని పరీక్షించుకోవడం తప్పనిసరి.

పొరపాటున తీగ తెగితే వెంటనే మెయిన్ ఆపాలి. మేకును పట్టుకొని పీకే ప్రయత్నం ముందుగా చేయరాదు. నీటిగొట్టం చిట్లితే తొట్టి దగ్గరి వాల్వును మూసి, ఆ గోడలోని విద్యుత్తును కూడా ఆపాలి. ఎవరికైనా విద్యుదాఘాతం తగిలితే వారిని నేరుగా తాకకుండా మొదట మెయిన్ స్విచ్చి ఆపి, 108కి ఫోను చేసి వైద్యసహాయం కోరడం అత్యవసరం.

8. మిగల్చవలసిన గుర్తు

భూమిలో విద్యుత్ కేబుళ్ళను పూడ్చేవారు ఒక పద్ధతి పాటిస్తారు. కందకంలో కేబులును పరచి, ఇసుక పోసి, దానిపై ఇటుకలు పేర్చి, ఆ తరువాతనే మట్టి కప్పుతారు. ఎన్నో ఏళ్ళకు మరెవరో అక్కడ తవ్వితే గడ్డపారకు ముందుగా ఇటుక తగులుతుంది. “కింద ఏదో ఉన్నది, ఆగు” అని ఆ ఇటుక చెబుతుంది. పూడ్చినవారు, తవ్వేవారు ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండరు. అయినా ఒకరి ప్రాణానికి మరొకరు ముందే కాపలా పెట్టి వెళ్ళారు.

ఇంటిగోడకు అటువంటి ఇటుక వంటిది పటం. గాడిని పూడ్చడానికి ముందు ప్రతి గోడకు ఒక ఫొటో తీయాలి. నేల నుంచి ఎంత ఎత్తున, మూల నుంచి ఎంత దూరాన గొట్టం ఉన్నదో టేపుతో కొలిచి, ఆ టేపు కూడా ఫొటోలో కనబడేలా చూడాలి. ఆ కొలతలను ఒక కాగితంపై గీసి, తీగలకు ఒక రంగు, చన్నీటికి ఒక రంగు, వేడినీటికి ఒక రంగు వాడాలి. ఒక ప్రతిని మీటరు పెట్టె తలుపు లోపల అంటించి, మరొక ప్రతిని ఇంటి దస్తావేజులతోపాటు భద్రపరచాలి. ఇల్లు అమ్మినప్పుడు తాళంచెవులతోపాటు ఆ పటాన్ని కూడా అప్పగించాలి. ఈ పనికి ఒక గంట చాలు. ఖర్చు దాదాపు లేదు.

ముందు చెప్పుకొన్న భార్యాభర్తలు వాలుదారి వద్దన్నారనుకొందాం. ఒక మీటరు గొట్టం ఎక్కువైంది. పని మరికొంతసేపు సాగింది. గృహప్రవేశానికి ఏ లోటూ రాలేదు. పది పదిహేనేళ్ళ తరువాత ఆ ఇంటికి మరొక కుటుంబం వస్తుంది. ఆ ఇంటి అమ్మాయి అదే వంటింట్లో గరిటెల పట్టీ బిగించడానికి మేకు పట్టుకొని నిలబడుతుంది. బోర్డుకు నిలువుగా ఉన్న చోటును వదిలి పక్కకు జరిగి మేకు కొడుతుంది. ఏమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడమే వెనుకటివారు చేసిన మంచిపని ఫలితం. దానికి ఆమె ఎవరికీ కృతజ్ఞత చెప్పదు. చెప్పాలని ఆమెకు తెలియదు కూడా.

ఇల్లు కట్టినవారి కోసమే నిలవదు. తరువాత వచ్చేవారు, అద్దెకు ఉండేవారు, రంగులు వేసేవారు, మరమ్మతుకు వచ్చేవారు అందరూ ఆ గోడలను నమ్ముకొని చేయి చాపుతారు. దాచడం తప్పు కాదు. గుర్తు లేకుండా దాచడం తప్పు. తిన్నని దారి, తగిన లోతు, దానిని తెలిపే ఒక పటం. గోడ లోపల పనిచేసేవారు గోడ బయట బ్రతికేవారికి ఇవ్వవలసిన మాట ఇదే.

కఠిన పదాలు – అర్థాలు

బద్దీ = సన్నగా, పొడవుగా చీల్చిన చెక్క
గాబు = నీరు నిలువ చేసే పెద్ద తొట్టి
మాలు = ఇటుకలు పేర్చడానికి, పూతకు వాడే సిమెంటు, ఇసుకల మిశ్రమం
మరమేకు = తిప్పి బిగించే మేకు
ఉపరితలం = పైభాగం
కట్టడి = నిబంధన, అదుపు
పురికొస = సన్నని తాడు
విద్యుదాఘాతం = విద్యుత్తు వలన తగిలే దెబ్బ
కందకం = పొడవుగా తవ్విన గొయ్యి
దస్తావేజు = హక్కును తెలిపే పత్రం

అభ్యాసం

అ) వ్యాసరూప ప్రశ్నలు
1. గోడలో దాచే తీగలు తిన్నని దారిలో ఎందుకు ఉండాలో పాఠం ఆధారంగా వివరించండి.
2. ‘దాచడం తప్పు కాదు, గుర్తు లేకుండా దాచడం తప్పు.’ ఈ వాక్యాన్ని సమర్థిస్తూ వ్యాసం రాయండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. నిలువు గాడికి, అడ్డపు గాడికి వేర్వేరు లోతులు ఎందుకు నిర్ణయించారు?
2. ఎం.సి.బి.కి, ఆర్.సి.సి.బి.కి గల భేదాన్ని తెలపండి.
3. గాడిని పూడ్చేముందు నీటిగొట్టాలను ఎలా పరీక్షించాలి?
4. భూమిలో పూడ్చిన కేబులుపై ఇటుకలు ఎందుకు పేరుస్తారు?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. బోర్డు కనబడే గుర్తు. తీగ కనబడని దారి.
2. కాపలావాడు ఉన్నాడని తలుపు తెరిచి పడుకోవడం వివేకం కాదు.

ఈ) సంధులు
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశసంధి
విద్యుదాఘాతం = విద్యుత్ + ఆఘాతం – జశ్త్వసంధి
రెండంగుళాలు = రెండు + అంగుళాలు – ఉత్వసంధి

ఉ) సమాసాలు
భార్యాభర్తలు = భార్యయును, భర్తయును – ద్వంద్వసమాసం
ఇటుకగోడ = ఇటుకలతో కట్టిన గోడ – తృతీయా తత్పురుష సమాసం
ఇంటియజమాని = ఇంటి యొక్క యజమాని – షష్ఠీ తత్పురుష సమాసం

ఊ) ప్రాజెక్టు పని
మీ ఇంటిలోనో కళాశాలలోనో ఒక గదిని ఎంచుకొని, పెద్దల సమక్షంలో, దేనినీ తాకకుండా పరిశీలించండి. కనబడే బోర్డులు, కుళాయిల ఆధారంగా గోడలోని దారులను ఊహించి ఒక పటం గీయండి. మేకు కొట్టకూడని చోట్లను ఎర్ర రంగుతో గుర్తించండి.